నాయన బావిలో మళ్లీ ఈత

పోయిన వారం తిరుమణి బస్టాపులో నా పక్కన కూర్చున్న ఒకావిడ, బెంగళూరులో తన మనవరాలు ఈత నేర్చుకుంటోందని సంబరంగా చెప్పుకొచ్చింది. ఆమె చెబుతున్నంతసేపూ నా మనసు నా దగ్గర లేదు. నా ఈడు ఆడవాళ్లు నవ్వుతారేమో గానీ, ఈతంటే నాకు ప్రాణం. ఆ సంగతి నేనే మరచిపోయి యాభై ఏళ్లకు పైగా బతికాను.

నేను పుట్టింది నిడుగల్లులో. కొండ మీది కోట గోడలు కనబడే చోట మా నాయనకు కొంచెం మెట్టచేను, దాని మూలన రాతిమెట్ల బావి ఉండేవి. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయన నా నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఆ బావిలోకి దించాడు. నాకంటే రెండేళ్లు పెద్దదైన అక్క మెట్ల మీదే ఏడుస్తూ నిలబడిపోయింది. నాకు నాలుగో రోజుకే బుర్రలు అక్కర్లేకపోయాయి. పై మెట్టు నుంచి దూకి, అడుగున చల్లగా ఉండే నీళ్లను తాకి, మళ్లీ పైకి తేలే ఆ కాస్త సుఖం కోసమే ఎండాకాలమంతా గొర్రెలు కాయడానికి ఒప్పుకునేదాన్నంటే అబద్ధం కాదు. పెద్దమనిషినైన రోజుతో అది ఆగిపోయింది. అవ్వ వద్దంది, అమ్మ సరేనంది, నాయన తల తిప్పుకున్నాడు. ఎందుకని నేనూ అడగలేదు. ఆ రోజుల్లో మనం అడిగేవాళ్లమా?

తిరుమణికి కోడలిగా వచ్చాక వేరుశనగ చేలో కలుపులు, కోతలు, ఇద్దరు పిల్లలు. మా ఆయన చేనులోనూ ఒక బావి ఉండేది. నీళ్లకు వెళ్లినప్పుడల్లా దాని గట్టున ఒక నిమిషం ఎక్కువ నిలబడేదాన్ని, అంతే. ఒకసారి మాత్రం నెల కూడా నిండని గొర్రెపిల్ల అందులో పడింది. మగవాళ్లు తాడు కోసం పరుగెత్తుతుంటే నేను చీర ఎగదోపి దూకేశాను. పిల్లను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చిన నన్ను మా ఆయన కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏమే, నీకు ఈత వచ్చునని ఒక్కనాడూ చెప్పల్యా గదా!" అన్నాడు.

"నువ్వు యాడ అడిగినావు?" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతోనే ఆ మాట ముగిసిపోయింది.

తర్వాత బావి ఎండింది, వేసిన బోర్లూ ఎండాయి. చేనును సోలార్ వాళ్లకు గుత్తకిచ్చిన నాడు మా ఆయన సరిగ్గా అన్నం తినలేదు. బావిని పూడ్చి, చదును చేసి, పలకలు నిలబెట్టారు. తిండికి లోటు లేదు గానీ తెల్లవారితే చేతులకు పని లేదు. ఒక ఉదయం ఆయన, నా ముఖం చూసి కాబోలు, "ఇన్నేండ్లూ చేను చెప్పినట్ల ఆడినాం. ఇప్పుడు నీకేం కావల్లో చెప్పు," అన్నాడు. కొడుక్కి ఏమిష్టమో, కోడలికి ఏది పడదో గడగడా చెప్పగలిగిన నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు. పెరట్లో గిన్నెలు తోముతూ ఏడ్చాను. మూడో రోజు తలంటు పోసుకుంటూ, నీళ్లు చెవుల మీదుగా జారుతున్నప్పుడు, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నానని గమనించాను. అప్పుడు తెలిసింది.

చెబితే ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. మేనమామను చేసుకుని నిడుగల్లులోనే ఉండిపోయిన అక్క, నాయన బావి సగానికి పైగా నిండిందని ఫోను చేసింది. మర్నాడే బస్సెక్కాం.

మా ఆయన నా నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. అక్క మెట్ల మీద కూర్చుని గొణుగుతూనే ఉంది.

"ఏందే ఇది, మనవరాండ్లు పుట్టినంక! ఎవరన్నా చూస్తే నవ్వుతారు."

"నవ్వనీలేక్కా."

నడుము లోతుకు వచ్చేసరికి గోడ రాయి పట్టుకుని ఆగాను. కళ్లు మూసుకుని చేతులు చాచాను. రెండు గుక్కలు మింగాను, తాడు బిగుసుకుంది, వదలమని చేయి ఊపాను. ఆ తర్వాత ఒళ్లే చూసుకుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెళ్లి తిరిగి వచ్చేసరికి అక్క గొణుగుడు ఆగిపోయింది. చూస్తే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నాకూ నేర్చుకోవల్లని ఉండె. నాయన ఇంకోసారి పిలుస్తాడేమోనని చూసినా," అంది.

అరవై ఏళ్లు ఆ మాట ఎవరితోనూ అనలేదు మా అక్క. చేయి పట్టి దించాను. ఆ రోజు చీలమండల దాకా దిగింది. తర్వాత వెళ్లినప్పుడల్లా ఒక్కో మెట్టు దిగుతూ నడుము లోతు దాకా వచ్చింది. అంతలో వానలు వెనకపట్టాయి, బావి అడుగంటింది.

ఇప్పటి పిల్లలను ఏం కావాలని అడుగుతున్నారు, వాళ్లూ తడుముకోకుండా చెబుతున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదని ఎవరి మీదా నింద వేయను, మమ్మల్ని మేమూ అడిగి చూసుకోలేదు. అక్కకిప్పుడు మోకాళ్ల నొప్పులు. అయినా చినుకు పడ్డ మర్నాడల్లా కర్ర పట్టుకుని బావి దాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి, నాకు ఫోను చేస్తుంది. "ఇంకా రాల్యా నీళ్లు," అంటుంది.