మామ్మ గేదె, మా సిస్టరు గారు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా సేవా క్లబ్బు ఏటా వేసే సంచికకి సిస్టరు గారి మీద నాలుగు ముక్కలు రాసిమ్మని అడిగితే, ఒకసారి మోకాళ్ళ నొప్పులన్నాను, ఒకసారి కళ్ళజోడు విరిగిందన్నాను. మోకాళ్ళతో రాస్తారా అని ఎవరూ అడగలేదు, అది వాళ్ళ మంచితనం. అసలు సంగతేమిటంటే, పొగడ్త ఆవిడకి గిట్టేది కాదు. "పొగిడేవాళ్ళు పెరిగినకొద్దీ కుర్చీలు మోసేవాళ్ళు తగ్గుతారండి" అనేవారు. అలాంటి మనిషి మీద, అదీ బదులు చెప్పలేని సమయం చూసి, వ్యాసం రాయడం మర్యాదేనా అనిపించింది.

కబురు తెలియడం కూడా చిత్రంగానే తెలిసింది. ఆదివారం పొద్దున్న మా క్లబ్బు వాట్సాప్ గ్రూపులో రోజూ వచ్చే సూర్యోదయాలూ తామరపువ్వుల మధ్య ఒక లైను వచ్చింది: "మన సిస్టరు గారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు." దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. శుభోదయానికీ అవే చేతులు, చావుకీ అవే చేతులు. నేను ఆ లైను చూసుకోలేదు. దాని పైనున్న తామరపువ్వుకి దణ్ణం పెట్టేసి ఫోను పక్కన పడేశాను. కాఫీ తాగుతుంటే మా కోడలు చదివి చెప్పింది. మిగతా కాఫీ అలాగే ఉండిపోయింది.

మాది గోదావరి గట్టు మీద ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి కిందికి వస్తే గౌతమి ఒడ్డున తగులుతుంది. ఆవిడ మా ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేరి, ఇక్కడే రిటైరయ్యారు. ఊళ్ళో సగం మంది మొదటి ఏడుపు ఆవిడ చేతుల్లోనే ఏడ్చారు. రిటైరయ్యాక మా క్లబ్బుకి సెక్రటరీ అయ్యారు. ప్రెసిడెంట్లు ఏడాదికొకరు మారేవారు, పూలదండలు మారేవి, సెక్రటరీ మాత్రం మారలేదు. ఆ పదవి ఇంకెవరూ అడగలేదు కూడా, ఎందుకంటే అందులో పని ఉంది.

నేను ఆ క్లబ్బులో ఎలా పడ్డానో చెప్పాలి. నాకు బడి చదువు లేదు. ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చే పనికి కుదిరి, తిరగేసి ఉన్న అక్షరాలు ముందు నేర్చుకుని, తిన్నగా ఉన్నవి తర్వాత నేర్చుకున్నాను. అందుకే నాకు ఇప్పటికీ ఏదైనా తలకిందులుగా చూస్తేనే బాగా అర్థమవుతుంది. తర్వాత సొంత ప్రెస్సు పెట్టాను. శుభలేఖలూ, ఎలక్షన్ల కరపత్రాలూ వేశాను. అబద్ధాలన్నీ కరపత్రాల్లోనే ఉంటాయని కుర్రతనంలో అనుకునేవాణ్ణి. శుభలేఖల్లో పెళ్ళికొడుకు పేరు పక్కన వేసే డిగ్రీల సంగతి తర్వాత తెలిసింది. సరే, అది వేరే పురాణం. ఫ్లెక్సీలు వచ్చాయి, ప్రెస్సు మూతపడింది. ఆఖరి పనిగా క్లబ్బు వాళ్ళ కంటి శిబిరం కరపత్రాలు పట్టుకెళ్ళి ఇచ్చి, తలుపు దగ్గర నించున్నాను.

"ప్రెస్సు గారూ, రేపట్నించీ సాయంత్రాలు ఏం చేస్తారు?" అన్నారు సిస్టరు గారు.

"ఏం చేస్తానండీ. ఏమీ లేదు."

"అయితే ఆ బల్ల అటు చివర పట్టుకోండి."

పట్టుకున్నాను. ఇప్పటికీ వదల్లేదు. ప్రెస్సు మూసినందుకు అందరూ నన్ను ఓదార్చారు. సాయంత్రాలు ఏం చేస్తావని అడిగింది ఆవిడొక్కరే.

సేవా క్లబ్బుల్లో ఫొటో ఎంత ముఖ్యమో చదివేవాళ్ళకి తెలియంది కాదు. ఆసుపత్రిలో రోగికి అరటిపండు ఇచ్చేటప్పుడు ఒక్క పండుని అరడజను మంది పట్టుకుని కెమెరా వైపు చూస్తారు. అలాంటి చోట సిస్టరు గారు వెనకనించి, "ఇచ్చాక చేతులు తియ్యండి బాబూ, ఆవిడ తినాలి" అనేవారు. ఉపన్యాసాలకి ఆవిడ దగ్గర వేరే మందుండేది. వక్త మరీ సాగదీస్తే, వెనక వరసనించి ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలెట్టేవారు. ఆ టపటపలు మెల్లగా ముందుకి వచ్చేవి. వేదిక దగ్గరికి వచ్చేసరికి ఎంతటి వక్తకైనా "ఇంతటితో ముగిస్తున్నాను" గుర్తొచ్చేది.

ఒక ఏడు వరదల్లో లంకలకి భోజనాలు పట్టుకెళ్ళాం. లంకలంటే నది పాయల మధ్యనున్న మెరకలు, ఊళ్ళూ పొలాలూ అక్కడే. మా చుట్టుపక్కల ప్రతి సంఘమూ పులిహోరే పట్టుకెళ్ళింది. పాడవదు, పొట్లం కట్టడం సులువు, పైగా కలుపుతున్నంతసేపూ మనకీ వాసన బాగుంటుంది. మా పడవ ఒడ్డు చేరగానే ఒకావిడ దణ్ణం పెట్టి, "పులిహోరేనాండీ? చాలండి బాబూ, కడుపులో చింతపండు చెరువైపోయింది" అంది.

మాలో ఒకరికి కోపం వచ్చింది. సిస్టరు గారు మాత్రం, "మరేం కావాలమ్మా?" అని అడిగారు.

"గేదెలకి గడ్డండి. మేం ఏదోటి తింటాం. అవి నిన్నట్నించీ నీళ్ళలో నించునున్నాయండి."

తిరుగు పడవలో సిస్టరు గారు నాతో, "పోయినవాళ్ళకే మనం అడక్కుండా పెడతాం ప్రెస్సు గారూ. బతికున్నవాళ్ళని అడగాలి" అన్నారు. రెండో విడత పడవ నిండా వరిగడ్డి వేసుకెళ్ళాం. పేపరతను వచ్చి భోజనాలేవండీ అన్నాడు. గడ్డి చూపించాం. ఫొటో తియ్యకుండానే వెళ్ళిపోయాడు.

ఇంక మామ్మ సంగతి. ఇది కిందటేడు జరిగింది. బస్టాండు పక్కన కంటి శిబిరం పెట్టాం. ఆదివారం కదా, యానాం బస్సులు ఎందుకో కిటకిటలాడుతూ వెళ్తున్నాయి. ఎందుకో మా జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతున్నాను, అక్కడ బ్రాందీ చవక. మా కుర్చీలు మాత్రం ఖాళీ. వచ్చినవాళ్ళలో లంకనించి పడవ దాటి వచ్చిన ఒక మామ్మ ఉంది. డాక్టరు రెండు కళ్ళూ చూసి, శుక్లాలు బాగా ముదిరాయి, ఒక కన్నైతే ఈ నెలలోనే ఆపరేషన్ చేయించకపోతే చూపు మిగలదు, రెండోది ఇంకో ఏడు ఆగుతుందన్నారు. మామ్మ శ్రద్ధగా విని, "ఆయ్" అని, చెప్పులేసుకుని లేచింది. ఆపరేషన్‌కి మాత్రం రానంది.

ఆ ఏడు మా ప్రెసిడెంటు రాజు గారు. భీమవరం వైపునించి వచ్చి ఇక్కడ రొయ్యల చెరువులు పెట్టారు. గంజి పెట్టిన తెల్లచొక్కా, పెద్ద మీసం, అంతకంటే పెద్ద గొంతు. "మామ్మా, అంతా ఉచితం. బస్సు మాదే, భోజనం మాదే. భయపడతావేంటి?" అన్నారు.

"భయం కాదండి."

"మరేంటి?"

సిస్టరు గారు వచ్చి మామ్మ పక్కన కూర్చుని, "నువ్వు ఇంట్లో లేకపోతే ఏం ఆగిపోద్ది మామ్మా?" అని అడిగారు.

అప్పుడు చెప్పింది. మామ్మకి ఎవరూ లేరు, ఒక పాడిగేదె ఉంది. పాలకేంద్రానికి పోసే ఆ పాలే బతుకు. ఆపరేషన్ అంటే ఆసుపత్రిలో ఉండాలి, వచ్చాక వారం పాటు వంగకూడదు. "నేను తప్ప ఎవరు కూర్చున్నా అది చేపదండి. పక్కింటావిణ్ణి తన్నేసింది. నాలుగు పూటలు పితక్కపోతే వట్టిపోద్దండి. కళ్ళొచ్చాక ఏం చూసుకోను?"

చేపడమంటే పొదుగులోకి పాలు దింపడం. గేదెకి ఇష్టం లేకపోతే దింపదు. పట్నం పాఠకుల కోసం చెబుతున్నాను, పాకెట్టు చేపక్కర్లేదు.

"ఓస్ ఇంతేనా. మా ఇంట్లో కొష్టం నిండా గేదెలుండేవి. నేను పితుకుతాను" అన్నారు రాజు గారు. జనం ముందు గొప్పకి అన్న మాటే. సిస్టరు గారు మాత్రం దాన్ని ఇచ్చిన మాటగానే తీసుకున్నారు. "అయితే రేపు సాయంత్రం రిహార్సల్ వేద్దాం" అన్నారు.

మర్నాడు పడవ దాటాం. గేదె కొట్టం పక్కనే కట్టేసి ఉంది. రాజు గారు పంచె ఎగ్గట్టి చెంబు పుచ్చుకుని కూర్చున్నారు. గేదె తల తిప్పి ఆయన్ని కిందినించి పైదాకా చూసి, కాలు విసిరింది. చెంబు ఒక పక్క, ప్రెసిడెంటు గారు ఒక పక్క పడ్డారు. ఆయన బట్టలు దులుపుకుంటూ, "అడిగి పెట్టాలంటారుగా సిస్టరు గారూ, దీన్ని కూడా అడగండి" అన్నారు.

"అది చెప్పింది కదండీ. మీకే వినపడలేదు" అని ఆవిడ మామ్మ వైపు తిరిగారు. "దీనికి నువ్వని ఎలా తెలుస్తుంది మామ్మా?"

"చీరేనండి. వాసన పట్టుద్ది."

సిస్టరు గారు రాజు గారి వైపు చూశారు. రాజు గారు నా వైపు చూశారు. నేను గోదావరి వైపు చూశాను. ఆఖరికి ఆయనే మీసం సర్దుకుని, "పట్రా మామ్మా" అన్నారు.

మామ్మ ఇంట్లోకి వెళ్ళి పెట్టె తీసి, మడత విప్పని చీర ఒకటి తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. రాజు గారు పంచె మీదే చుట్టుకుని, మీసం కనపడకుండా కొంగు కప్పుకుని మళ్ళీ కూర్చున్నారు. గేదె మళ్ళీ తన్నింది. ఈసారి ఇంకాస్త గట్టిగా.

సిస్టరు గారు కొంగు పట్టుకుని వాసన చూశారు. కలరా ఉండల వాసన.

"ఇది నువ్వు ఎప్పుడు కట్టావు మామ్మా?"

"కట్టలేదండి. దాచుకున్నాను."

"మరి దీనికి నీ వాసన ఎలా వస్తుంది?"

మామ్మ తల దించుకుని, "అంతటి రాజు గారికి కట్టి విడిచిన చీర ఎలా ఇచ్చేదండి?" అంది.

మా గోదావరి మర్యాద అలాంటిది. కన్ను పోతున్నా సరే, వచ్చినవాళ్ళకి పెట్టెలో చీరే ఇవ్వాలి. రాజు గారు దండెం దగ్గరికి వెళ్ళి, దాని మీద వేలాడుతున్న మాసిన చీర ఆయనే తీసుకుని కట్టుకున్నారు. మామ్మ వద్దు వద్దంటూనే ఉంది. గేదె వాసన చూసింది. దూడని ఒకసారి తాగనిచ్చాం. గేదె చేపింది.

నా జేబులో ఫోను ఉంది. నా చెయ్యి ఎటు వెళ్తోందో సిస్టరు గారు ముందే కనిపెట్టారు. "ఇది ఫొటో తీసినవాళ్ళకి క్లబ్బులో కుర్చీ మోసే అర్హత ఉండదు" అన్నారు. అలా మా క్లబ్బు చరిత్రలో గడ్డి పడవ తర్వాత ఫొటో లేని సేవ ఇదొక్కటే అయింది. మామ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, తిరిగొచ్చి వంగకుండా కూర్చున్నన్నాళ్ళూ రాజు గారు రెండు పూటలా పడవ దాటి వెళ్ళారు. రొయ్యలకి మేత వెయ్యడం ఒక పూట మర్చిపోయారేమో గాని గేదెని మర్చిపోలేదు. ఆయన చీర కట్టుకుంటున్నంతసేపూ సిస్టరు గారు గుమ్మంలో అటు తిరిగి కూర్చునేవారు. కంటి కట్టు తీశాక మామ్మ మొదట ఆవిణ్ణి చూసి, "కసురుతుంటే చిన్నపిల్లనుకున్నాను. నా అంత ఉన్నావే" అంది. రెండో కన్ను ఈ ఏడు వానలు వెనకపట్టాక చేయిద్దామని సిస్టరు గారు మాట ఇచ్చారు. రోజు కూడా కుదిర్చారు. ఆ రోజుకి ఆవిడ లేరు.

ఆ శుక్రవారం సంతాప సభ మా క్లబ్బు హాల్లోనే జరిగింది. ఉపన్యాసాలు సాగాయి. ఎనలేని సేవలన్నారు, తీరని లోటన్నారు. వెనకనించి కుర్చీలు మడిచేవాళ్ళు లేరు కాబట్టి ఎవరూ ఆపలేదు. రాజు గారు లేచి, ఆవిడకి పాలరాతి విగ్రహం పెట్టిద్దామన్నారు. ఆయన గొంతు మామూలు కంటే చాలా చిన్నగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మౌనం పాటించడానికి లేచి నించున్నాం.

ఆ మౌనంలో గుమ్మం దగ్గరనించి, "ఏంటండీ అందరూ లేచారు, భోజనాలా?" అని వినపడింది. మామ్మ. పడవ సరంగు చెబితే విని ఒక్కతీ వచ్చిందట.

ఎవరో కుర్చీ వేశారు. కూర్చోలేదు. ఫొటో దగ్గరికి వెళ్ళి బాగైన కంటితో దగ్గరగా చూసింది. "ఫొటోలో కూడా కసురుతున్నట్టే ఉన్నారు" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని మా అందరి వైపూ తిరిగింది.

"మంగళారం రెండో కన్ను చేయిత్తానన్నారండి ఈవిడ. ఇప్పుడు నేనెవర్నడగాలండి? గేదె సంగతేంటండి?"

విగ్రహం ఎవరు చెక్కుతారో మాలో చాలామందికి తెలుసు. మంగళవారం గేదెని ఎవరు పితుకుతారో మాత్రం ఎవరికీ తెలియదు. మామ్మ మా మొహాలు చూసి, మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకుందో ఏమో, "పోన్లెండి, ఒక కన్ను వచ్చింది కదా. అది ఆవిడ చలవే" అని గుమ్మం వైపు కదిలింది.

రాజు గారు వేదిక దిగి వచ్చారు. "మంగళవారమే మామ్మా. ముందురోజు మన బస్సు నిన్ను తీసుకెళ్తుంది. దండెం మీద చీర ఉతక్కు" అన్నారు.

మామ్మ, "ఆయ్" అంది.

విగ్రహం మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను వెనక వరసనించి కుర్చీలు మడవడం మొదలెట్టాను. ఇంటికి వెళ్ళాక, మోకాళ్ళ నొప్పులున్నా సరే, ఇది రాద్దామనుకున్నాను.

మంగళవారం పొద్దున్నే పడవ దాటాం. రాజు గారు చీర కట్టుకున్నారు. నేను దూడని పట్టుకున్నాను. గేదె కాసేపు ఆలోచించి చేపింది. పాలు కేంద్రంలో పోసి, చెంబు కడిగి గుమ్మంలో బోర్లించి వచ్చేశాం.