వాగు దాటని బత్తాయి

తొలకరి పడిన వారంలోనే చిన్నాయన పోయాడు. పొద్దున నేను షాపు షట్టరు ఎత్తుతుంటే చిన్నమ్మ వచ్చి మెట్టు దగ్గర నిలబడింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"బత్తాయి ఇయ్యాల చాలు కాలే బిడ్డా. మీ చిన్నాయిన లేస్తలేడు. జర వచ్చి చూడు" అంది.

నేను వెళ్లేసరికి చూడడానికేమీ మిగల్లేదు. నిద్రలోనే వెళ్లిపోయాడు. మనిషి పొడుగు, మంచం పొట్టి, ఎప్పటిలాగే పాదాలు బయటికి ఉన్నాయి. వాటి మీద దుప్పటి కప్పి చిన్నమ్మ పక్కన కూర్చున్నాను.

బత్తాయి అంటే ఆయన పాత పికప్పు బండి. మాది కొల్లాపూర్. ఆయన మా బాపుకు తమ్ముడు. ఆయన ఇంటి గోడకు ఆనుకునే నా కుట్టుమిషన్ షాపు. కేతేపల్లి వైపు బత్తాయి తోటల వాళ్ల దగ్గర ఆ బండి కొన్నాడు. మా ఇంటికొచ్చాక ఒక్క బత్తాయి కాయ మోయకపోయినా, వాన పడితే వెనక తొట్టి చెక్కల్లోంచి ఆ వాసన లేచేది. పేరు అట్లా నిలిచిపోయింది.

ఈ మధ్య కొన్నేళ్లుగా ఆ బండి ఎక్కడికీ పోలేదు. అయినా ఆయన రోజూ పొద్దున్నే చెప్పులు కింద విడిచి ఎక్కేవాడు. స్టీరింగు తాకి కళ్లకద్దుకునేవాడు. ఇంజను చాలు చేసి, చాయ్ సాసరులో పోసుకుని, అది తాగడం అయ్యేదాకా ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. పొగంతా నా షాపులోకే. కుట్టి పెట్టిన జాకెట్లకు డీజిల్ వాసన పడుతోందని ఎన్నిసార్లు గొడవ పెట్టుకున్నానో.

"మనిషన్నంక పొద్దుగాల లేవాలె, బండన్నంక పొద్దుగాల దగ్గాలె. లేకుంటే రెండూ పండుకుంటయి" అనేవాడు.

ఇప్పుడు నా షాపులోకి పొగ రావడం లేదు. అదే బాగుండడం లేదు.

మొదట్లో అది మామూలు సరుకుల బండి. అడవి లోపల చెంచుల గూడేలుంటాయి, మా వైపు పెంటలంటారు. ఆ పెంటలకు ఉప్పూ పప్పూ వేసుకుని పోయేవాడు. దారిలో ఒక వాగు ఉంది. ఎండాకాలం అందులో రాళ్లు తప్ప ఏమీ ఉండవు. వానాకాలం అదే మనిషి నడుమును మింగుతుంది. దాని మీద వంతెన వస్తుందని నేను లంగా ఓణీలు వేసుకునే రోజుల నుంచీ వింటున్నాను. రాష్ట్రమొచ్చింది, కొత్త జిల్లా వచ్చింది, వాగు మాత్రం వాగులాగే ఉంది.

రాష్ట్రమొచ్చిన కొత్తలో, ఒక వానాకాలం సాయంత్రం, పెంటలోని ఒక ముసలాయన కూతురికి పురిటినొప్పులొచ్చాయి. గుడ్డను వెదురుబొంగుకు జోలెలా కట్టి, అందులో ఆమెను పడుకోబెట్టి, డోలీ మోసుకుంటూ వాగు దాకా తెచ్చారు. కబురందుకుని చిన్నాయన ఇవతలి నుంచి బండి వాగులోకి దించాడు. నడిమధ్యలో ఇంజనులోకి నీళ్లు పోయి బండి ఆగిపోయింది. డోలీ వాళ్లు మాత్రం నడుము పైదాకా నీళ్లలో, బొంగు నెత్తి మీదికెత్తి, ఆగిన బండి పక్కనుంచే ఇవతలికొచ్చారు. వచ్చారు గానీ, దవాఖానకు తీసుకుపోయే బండి నీళ్లలో ఉంది. ఆ తల్లి ఒడ్డు మీదే పోయింది. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు.

"డోలీ దాటింది, నా బండి దాటలే." చిన్నాయన నోట ఆ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో! పెళ్లి భోజనాల మధ్యలో కూడా అనేవాడు. ఒక్క వానాకాలం, ఒక్క మనిషినైనా తన బండిలో ఆ వాగు ప్రాణంతో దాటించాలన్నదే ఆ తర్వాత ఆయనకు మిగిలిన కోరిక.

అప్పటి నుంచి బండిని మార్చడం మొదలుపెట్టాడు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకప్పు మీదికి లేపాడు. సైలెన్సరు మూతిని కూడా పైకి తిప్పాడు. ఇంజను కింద రాయి తగలకుండా దళసరి ఇనుప పలక బిగించాడు. బరువు మోసే కమానులకు పట్టీలు పెంచి, పెద్ద టైర్లు వేసి, బండిని ఎత్తు చేశాడు. వెల్డింగు మెరుపులకు కళ్లు ఎర్రబడి, చిన్నమ్మ వాటి మీద తడిగుడ్డ వేస్తుంటే, ఆ గుడ్డ కిందనుంచే రేపు చేయాల్సిన పని చెప్పేవాడు.

ఎండాకాలంలో చిన్నమ్మనూ నన్నూ వెనక ఎక్కించుకుని అడవి దారిలో తిప్పాడు. ఎక్కిన ప్రతి రాయీ మా వెన్నెముకకు తెలిసింది. పట్టీలు పెంచితే బండి గట్టిపడుతుంది, నిజమే. ఆ దెబ్బ ఇనుము తినకపోతే మనిషి తినాలి కదా! దిగాక చిన్నమ్మ నడుము పట్టుకుని, "నీ బండి వాగు దాటుతదేమో గని, నొప్పులవడే ఆడది దీంట్ల అడవి గేటుదాక గూడ రాదు" అంది.

ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఆ ముసలాయనను వెంటబెట్టుకొచ్చాడు, కూతురిని పోగొట్టుకున్న ఆయన్నే. ముసలాయన బండి చుట్టూ తిరిగి, "డోలీ మోసెటోని భుజం అదురుతది గని పండుకున్నోళ్లు అదరరు. మీరు చెక్కల మీద కూసోవెడ్తిరి. యేలాడగట్టుండ్రి" అన్నాడు.

అట్లా బండిలోకి డోలీ వచ్చింది. తొట్టికి అటూ ఇటూ ఇనుప కమ్మీలు నిలబెట్టి, కొక్కేలు పెట్టి, లారీ ట్యూబు కోసిన పట్టీలతో జోలెను వేలాడదీయాలని చిన్నాయన పథకం. జోలె కుట్టే పని నాది. దళసరి గుడ్డ దొరికింది గానీ దానికి సరిపోయే రంగు దారం దొరకలేదు. పసుపు దారంతోనే రెండు వరుసలు కుట్టాను.

"పండుగ గుడ్డలెక్కున్నది" అని చిన్నాయన వెక్కిరించాడు.

"అయితే నువ్వే కుట్టుకో" అన్నాను.

మళ్లీ అదే దారిలో, ఈసారి ముసలాయన్ను జోలెలో పడుకోబెట్టి తీసుకుపోయాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. వాగు దిగి, రాళ్లెక్కి, అవతల ఆపి వెనక్కి చూస్తే ముసలాయన గురక పెడుతున్నాడు. చిన్నాయన స్టీరింగు మీద తల ఆన్చి నవ్వాడు. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఇగ రానీ వాన" అన్నాడు.

వానకు ముందు బండి ఫిట్‌నెస్ కాగితం గడువు తీరింది. బండ్లు చూసే ఆఫీసరు బత్తాయి చుట్టూ తిరిగి, "కంపెనీ ఇచ్చిన రూపు ఇదేనా? పాతలెక్క చేసి తీస్కరా, సంతకం వెడ్త" అన్నాడు.

"పాతలెక్క చేస్తే వాగుల ఆగుతది సారూ" అన్నాడు చిన్నాయన.

"వాగు నా కాగితంల లేదు పెద్దమనిషీ."

ఆయన్నీ ఏమనలేం. అంత ఎత్తు బండి రేపు మలుపులో బోల్తా పడితే సంతకం పెట్టినవాడినే కదా పట్టుకుంటారు. తప్పు ఎవరిదో తేలితే తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండేవాడు. కాగితం లేకుండా అటవీశాఖ వాళ్లు అడవి గేటు ఎత్తరు. బండిని కిందికి దించితే గేటు ఎత్తుతారు, వాగు ఒప్పుకోదు. చిన్నాయన తిరగని ఆఫీసు లేదు. తిరిగి తిరిగి ఆయన చెప్పులే అరిగాయి.

ఆ తర్వాత ప్రతి వానాకాలం కబురొస్తే కిరాయి ఆటో మాట్లాడుకుని వాగు ఇవతల నిలబడేవాడు. పెంట వాళ్లు ఎప్పటిలాగే భుజాల మీద దాటించేవారు. కొందరు బతికారు, కొందరు లేదు. ఇంటికొచ్చాక బత్తాయి బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేవాడు. ఏమైందని మేం అడిగేవాళ్లం కాదు.

మూడో రోజు చిన్నాయన పేర పిట్టకు పెట్టాం. జొన్నరొట్టె, మటన్ కూర, సాసరులో చాయ్. కాకి తుమ్మకొమ్మ మీద కూర్చుంది గానీ దిగలేదు. చూసి చూసి చుట్టాల్లో ఒకాయన, "మనసుల ఏదో వెట్టుకున్నడు. బండి అమ్మనని చెప్పు వదినా, ముడ్తడు" అన్నాడు.

చిన్నమ్మ విస్తరి వైపు చూసింది. "బతికున్నన్నొద్దులు ఆయినకు అబద్ధం చెప్పలే, ఇప్పుడేం చెప్త? బండి పాత ఇనుముకే వోతది. నేను నడుపుతనా, ఎవరన్న నడపనిస్తరా?"

కాకి ఎగిరిపోయింది. మేం స్నానాలు చేసి, తడి తలలతో ఇంటికొచ్చాం.

బత్తాయి చక్రానికి ఆనుకుని ముసలాయన కూర్చుని ఉన్నాడు, పక్కన వెదురుబొంగు. మోకాళ్ల దాకా బురద ఎండిపోయి ఉంది. కబురు ఆయనకు ముందురోజే అందిందట. చిన్నమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, "అమ్మా, బండి పాత ఇనుముకు తెగనూకుతరంట గద. డోలీ గుడ్డ నాకిస్తవా?" అన్నాడు.

చిన్నమ్మ నా వైపు చూసి తలూపింది. నేను తొట్టిలోకి ఎక్కాను. చిన్నాయన వేసిన ముడులు ఎంత లాగినా రాలేదు. షాపులోంచి కత్తెర తెచ్చి ట్యూబు పట్టీలు కోశాను. కోస్తుంటే ఏడుపు ఆగలేదు.

"ఏం జేస్తవు తాతా దీన్ని?" అని అడిగాను.

"మనుమరాలికి నెలలు నిండుతున్నయి బిడ్డా. వాన గట్టిగ వడ్తె అక్కరొస్తది. నీ కుట్టు గట్టిది."

గుడ్డను మడిచి వెదురుబొంగు మీద వేసుకుని, బొంగు భుజానికెత్తుకున్నాడు. బత్తాయి పక్కనుంచే అడవి దారి పట్టాడు. ఆకాశం నల్లబడుతోంది. నేను వేసిన ఆ రెండు వరుసల పసుపు కుట్టు మలుపు దాకా కనబడింది.