బెయిలొచ్చిన న్యాయాధిపతి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! సాక్ష్యం మొదలుపెట్టకముందే ఒక సంగతి చెప్పేస్తున్నాను. నేను గోరంతను కొండంత చేసే మనిషిని. గుడివాడలో చినుకు పడితే, గుడ్లవల్లేరులో మా ఇంటికి చేరేసరికి నా నోట్లో అది తుఫాను అయిపోతుంది. మా ఆవిడ నేనేం చెప్పినా పదితో భాగించుకుని వింటుంది. మీరూ అలాగే వినండి. భాగించాక మిగిలిందంతా దేవునికే మహిమ!

నా చీకటి కాలానికి పేరు కోపం. తాగుడు లేదు, జూదం లేదు, నాటికలు ఆడించడమొక్కటే నా వ్యసనం. ఆ నటులతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు! ఒకడు తల్లి పాదాల మీద పడి ఏడవాల్సిన చోట ఆవులించేవాడు, ఇంకొకడు ప్రాణం వదిలే ఘట్టంలో జేబులోంచి ఫోను తీసి "చచ్చిపోతున్నా బావా, చచ్చాక చేస్తా" అనేవాడు. నేను అరిచిన అరుపులకు కాలవ గట్టు మీది కొంగలు లేచి కొల్లేరు దాకా వెళ్లి వాలేవి. నా బీపీ చూసిన డాక్టరు గారు యంత్రం చెడిపోయిందనుకుని కొత్తది తెప్పించారు, అది మొదటిదాన్ని మించి చెప్పింది! నటులంతా ఒక్కొక్కరే పారిపోయారు. ఒక సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, హాల్లో నవ్వుతూ కూర్చున్న నా కూతురు నవ్వు ఆపేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సహోదరులారా, దీన్ని మాత్రం దేనితోనూ భాగించకండి.

అప్పుడు మా సంఘ కాపరి అయ్యగారు నన్ను పిలిచి, "మాస్టారూ, బందరు జైల్లో సెమీ క్రిస్మస్‌కి ఖైదీల చేత నాటిక వేయించండి. మీ గొంతును తట్టుకునే గోడలు అక్కడే ఉన్నాయి" అన్నారు. నా మనసులో ఒక్కటే వెలిగింది: పారిపోలేని నటులు! స్తోత్రం చేసుకుంటూ బస్సెక్కాను.

నాటిక నేనే రాశాను. బోనులో ఒక దొంగ ఉంటాడు. న్యాయాధిపతి బల్ల దిగి వచ్చి ఆ దొంగ శిక్షను తన మీద వేసుకుని, "నిన్ను విడుదల చేస్తున్నాను" అంటాడు. అంతే కథ. తీరా చూస్తే జైలంతా న్యాయాధిపతి వేషమే కావాలంటుంది!

"మరి దొంగెవరయ్యా?"

"బయట ఎలాగూ అదే అంటున్నారు, ఇక్కడ కూడానా మాస్టారూ?"

చివరికి చిట్టిబాబు అనే ఆటో డ్రైవరు, "నేను చెయ్యలేదు" అనే డైలాగు కలిపితేనే బోనెక్కుతానని ఒప్పుకున్నాడు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. అది రిమాండు వాళ్లుండే జైలు. మాట నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టే బెయిలు మీద ఇంటికి వెళ్లిపోతున్నాడు! మొదటి న్యాయాధిపతి వెళ్లాడు, రెండోవాడు వెళ్లాడు, ఒక్కటే డైలాగున్న బంట్రోతు దాన్ని మూడు వారాలు నేర్చుకుని, తప్పు లేకుండా చెప్పిన సాయంత్రమే వెళ్లాడు! దాంతో మాస్టారి వేషం వేస్తే బెయిలు ఖాయమని పుకారు పుట్టింది. నా ముందు వరస బందరు బస్టాండు దాకా సాగింది.

"డైలాగు లేకపోయినా పర్లేదండి, చెట్టులాగా నిలబడతాను" అన్నాడొకాయన.

"కోర్టులో చెట్టెందుకయ్యా?"

"మీరెప్పుడూ కోర్టుకి వెళ్లలేదాండీ? కేసు పిలిచేదాకా మేం కూర్చునేది చెట్టు కిందే గదా!"

ఆఖరికి న్యాయాధిపతి వేషం నాంచారయ్యకు వచ్చింది. కోడూరు వైపు చేపలు పట్టుకునే మనిషి, వలల దగ్గర కొట్లాటలో లోపలికొచ్చాడు. అతను "విడుదల" అంటే గేటు దగ్గరి వార్డరు కూడా తాళాలు తడుముకునేవాడు! అతనికీ బెయిలు మంజూరైంది. కాకపోతే ఇల్లో పొలమో ఉన్నవాళ్లు ఇద్దరు ష్యూరిటీగా, అంటే పూచీగా, నిలబడాలి. ఒకరు మేనమామ, రెండో మనిషి దొరకలేదు. ఊళ్లో భార్యకు పురుడొచ్చింది, ఆడపిల్ల. ఇంకా బిడ్డ ముఖం చూడలేదు.

నాటిక శుక్రవారం. బుధవారం అతని వకీలు గేటు దగ్గర నన్ను ఆపి, "మాస్టారూ, మీకు సొంతిల్లుంది కదా, మీరు నిలబడతారా?" అన్నాడు. "శుక్రవారం కానివ్వండి, చూద్దాం" అన్నాను.

ఆ రోజు రిహార్సలయ్యాక అందరం చేతులు పట్టుకుని ఒక్కొక్కరి పేరున ప్రార్థన చేశాం. నాంచారయ్య వంతు వచ్చింది. అతనికి విడుదల కావాలని అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం లోలోపల ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నీ దాసుణ్ణి విడుదల చెయ్యి, కానీ శనివారం చెయ్యి!"

వెంటనే ఆకాశం చీలింది సహోదరులారా! పైకప్పు రేకులు దడదడలాడాయి. "కుమారుడా, నీ ఆమెన్ ఏది?" అని సముద్ర ఘోషలాంటి స్వరం వచ్చింది! తెల్లారగానే ఇంటి పన్ను రసీదు పట్టుకుని మొదటి బస్సుకే కోర్టుకు వెళ్లి సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే నాంచారయ్య అవనిగడ్డ బస్సెక్కాడు.

శుక్రవారం న్యాయాధిపతిని నేనే. పెద్దలంతా ముందు వరసలో కూర్చున్నారు. నేను రాసిన మాటలే, నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు! పాత కోపం మెడ దాకా వచ్చేసింది. అప్పుడు బోనులోంచి చిట్టిబాబు మెల్లగా, "నిదానంగా గుర్తు తెచ్చుకోండి మాస్టారూ, మేమెక్కడికీ వెళ్లం" అన్నాడు. జైలంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూనే బల్ల దిగి అతని చెయ్యి పట్టుకుని, "నిన్ను విడుదల చేస్తున్నాను" అన్నాను. ఆ మాట అంటుంటే మెడ దాకా వచ్చిన కోపం దిగిపోయింది. విడుదల ఎవరికైందో నా దేవునికి తెలుసు!

ఇప్పటికీ ప్రతి వారం వెళ్తున్నాను. కొత్త నాటిక మొదలుపెడితే నిన్ననే చిట్టిబాబుకు బెయిలొచ్చింది, మళ్లీ దొంగ లేడు, ఏం చెయ్యమంటారు! విసుక్కుంటాను, కానీ ఆమెన్ గట్టిగానే అంటాను. నా ప్రభువుకు వేలాది వందనాలు. మీలో ఎవరైనా పక్కవాడి మేలు కోసం పైకి ప్రార్థిస్తూ లోపల గడువు పెడుతుంటే, ఆ గడువును ఆయన చేతికిచ్చేయండి. ఆయన నమ్మదగినవాడు.

ఇక ఇందులో నేను కల్పించింది ఒకటుంది. కొంగలు, వరస, బీపీ యంత్రం కొంచెం సాగదీసినవే, కల్పించినవి కావు. కల్పించింది ఆ స్వరం. ఆకాశం చీలలేదు, రేకు కదల్లేదు. ప్రార్థన అయ్యాక నాంచారయ్య నా పక్కకొచ్చి, "మాస్టారూ, నా పేరొచ్చినప్పుడు మీ ఆమెన్ వినబడలేదండీ, ఒంట్లో బాగోలేదా? కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను" అన్నాడు.

ఆకాశం నుంచి స్వరమే వచ్చుంటే వాదించేవాణ్ణి సహోదరులారా. ఆ మంచినీళ్లు తాగి, ఇంటికెళ్లి పన్ను రసీదు వెతుక్కున్నాను.