కలుజు కింద సిమెంటు గోడ

లాక్‌డౌన్‌లో పనులన్నీ ఆగిపోయినప్పుడు, ఒక పూట మేస్త్రీ తంగవేలు కూతురు జీవిత సగం గిన్నె గంజి తాగి, ఇంకా ఉందా అని అడగకుండా లేచిపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల. అడగొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పనులు మళ్ళీ మొదలయ్యాయి. గుడియాత్తం చుట్టుపక్కల అందరూ ఆ రోజుల్ని మరిచిపోయారు, తంగవేలు తప్ప. ఇంట్లో ఒక మూట బియ్యం ఎప్పుడూ తరగకుండా చూసుకున్నాడు. మరి అన్నంలోకి? ఊరి చెరువులో చేపలున్నాయి కదా, పని ఉన్నా లేకున్నా అవి ఉంటాయి. ఏ పద్ధతిలో పట్టాలో ఇప్పుడే తేల్చుకోవాలనుకున్నాడు.

రెండు ఆదివారాలు గాలం వేశాడు. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఆ మనిషికి చేతనవుతుందా? దొరికినవి రెండు జిలేబి చేపలు, అవీ వేలెడంత. విసురు వల అడిగి తెచ్చాడు. ఏళ్ల తరబడి కాంక్రీటు బాండలి మోసిన భుజం పైకి లేవక, వల విచ్చుకోకుండా ముద్దగా నీళ్ళలో పడింది. గట్టు మీది ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. ఇక మిగిలింది ఊత, చేప మీద బోర్లించి పట్టే అడుగు లేని వెదురు బుట్ట. అది మోకాలి లోతు నీళ్ళలోనే పనికొస్తుంది, ఆ లోతు ఏడాదికి రెండు నెలలుంటే ఎక్కువ.

చివరికి పక్కింటి మునుస్వామి దారి చూపించాడు. ఆయన చిన్నప్పటినుంచీ ఆ చెరువులోనే చేపలు పడుతున్న ముసలాయన.

"చెరువు నిండితే మిగులు నీళ్ళు కలుజు మీద నుంచి పొర్లి కాలవలో పడతాయి గదా. ఆ కాలవకు అడ్డం రాళ్ళు పేర్చి, నడిమధ్య సందు ఇడిసి బుట్ట పెట్టు నాయనా. చేప దానంతట అదే వచ్చి పడతాది. రాళ్ళు మాత్రం వట్టిగా పేర్చు. పెద్ద వరద వస్తే కొట్టుకోని పోవాల."

"కొట్టుకోని పోయేదానికి కట్టేదెందుకు మామా?" అన్నాడు తంగవేలు.

వట్టి రాళ్ళు పేర్చడం మేస్త్రీకి నామోషీ. పనుల దగ్గర మిగిలిన సిమెంటు మోసుకొచ్చి, తూకపు గుండు వేలాడదీసి చూసి, మధ్యలో బుట్టకు సందు వదిలి నడుమెత్తు గోడ కట్టాడు. వారం రోజులు నీళ్ళు కొట్టి తడిపాడు.

"ఇంటికి పూత లేదు, చేపలకు బంగళా కట్టినాడు మీ నాయన," అని భార్య చిత్ర కూతురితో అంటే తనూ నవ్వాడు.

ఏడాదిన్నర తర్వాత కార్తీకంలో వాన పట్టుకుంది. పనులు ఆగాయి, చెరువు నిండింది, కలుజు పారింది. మొదటి రోజే బుట్ట నిండా కొర్రమీనులు. జీవిత రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. తంగవేలు ఆ రోజు తనంత తెలివైనవాడు జిల్లాలో లేడనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎగువనున్న పై చెరువు కట్ట తెగింది. కొట్టుకొచ్చిన తుమ్మకంప గోడ సందులో ఇరుక్కుంది. గోడ కదల్లేదు. దారి లేని నీళ్ళు పల్లంలో ఉన్న వాళ్ళ వీధి మీదికి మళ్ళాయి.

తంగవేలు గడ్డపార పట్టుకుని పరుగెత్తాడు. పొడిస్తే పెళ్ళ ఊడలేదు. తను కట్టినదాన్నే తిట్టుకుంటూ, ఏడుస్తూ, మధ్యాహ్నం దాకా పొడిచాడు. మునుస్వామి అతని నడుముకు తాడు కట్టి గట్టు మీద నిలబడి పట్టుకున్నాడు. గోడ పగిలేసరికి వీధిలో తొమ్మిదిళ్ళూ తడిశాయి. మునుస్వామి ఇంటి మట్టిగోడ కూలింది.

"నువ్వేమీ అనవా మామా?" అన్నాడు తంగవేలు.

"ఏమనేది నాయనా. పిల్ల కోసరం చేసినావు," అన్నాడు ముసలాయన. ఒక్క తిట్టు తిట్టి ఉంటే తంగవేలు ప్రాణం కొంచెం తేలికపడేది.

ఇంటికొచ్చేసరికి చిత్ర బియ్యం మూట విప్పి గుమ్మంలో కూర్చుని ఉంది. బియ్యం బురదతో కలిసి ఉబ్బిపోయి ఉన్నాయి. వీధిలో ఏ ఇంటా పొయ్యి వెలగలేదు.

"మే, పిల్లకు తినేదానికి ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు.

చిత్ర తలెత్తలేదు.

"పొద్దున దాకా ఉండె," అంది.