మొదటి బెత్తెడు

ఆరంభశూరులని లోకంలో చాలామందిని తిడతారు. మా కటింగ్ మాస్టరుది దానికి తిరగేసిన జబ్బు. కత్తెర గుడ్డలో ఒక్క బెత్తెడు దిగిందా, ఇక చెయ్యి వణకదు, గీత తప్పదు. ఆ మొదటి బెత్తెడు దగ్గరే ఈ మధ్య వేళ్లు బిగుసుకుపోతున్నాయి. కోయబోతాడు, ఆగుతాడు. మళ్లీ ఉపక్రమిస్తాడు, ఆగుతాడు. ఆదిలోనే హంసపాదు. మొదలుపెట్టడానికి మన భాషలో ఎన్ని మాటలు లేవు! ఒక్కటీ ఆయన వేళ్లకు పనికిరాలేదు.

మా దుకాణంలో సుద్దగీత గీసినవాడే కోయాలి. కొందరు గీత మీదే కోస్తారు. మాస్టరు మాత్రం కుట్టుకు గుడ్డ వదిలి, గీతకు అవతల కోస్తాడు. ఆయన గీతమీద మరొకరి చెయ్యి పడితే ఆ కోటు ఎవరి ఒంటికీ పట్టదు.

ఓనరమ్మ చూసి చూసి ఆ ఉదయం చెప్పేసింది.

"మాస్టారూ, మధ్యాహ్నానికల్లా ఈ కోటు కోసివ్వండి. లేదంటే బల్ల ఇంకొకరికి ఇవ్వక తప్పదు. నాకూ బాధగానే ఉంది."

మాస్టరు గీత గీసి, కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. మేమంతా మిషన్ల మీదికి వంగి, చూడనట్టు నటించసాగాం. చివరికి చెమటలు పట్టి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

మూలన గుండీలు కుట్టే ఆయన భార్య, మా అందరికీ వదిన, గబుక్కున లేచొచ్చి ఆ కత్తెరతో బెత్తెడు కోసి పెట్టేసింది. సరిగ్గా గీత మీదే. పిచ్చితల్లికి గుండీల పని తప్ప ఏం తెలుసు? ఆపుదామని నేను లేచేలోపే అయిపోయింది.

మాస్టరు తిరిగొచ్చి గుడ్డ చూశాడు. వెనకే ఓనరమ్మ.

"అయ్యో, కుట్టుకి గుడ్డేదీ? ఎవరు కోశారిలా?"

వదిన నోరు తెరవబోయింది.

"నేనేనమ్మా," అన్నాడు మాస్టరు. "చెయ్యి తప్పింది."

కత్తెర తుడిచి బల్ల మీద పెట్టి, గుండీల మూలకెళ్లి కూర్చున్నాడు.

మధ్యాహ్నం వదిన క్యారేజీ విప్పింది.

"తినండి. మీరు మొదలుపెడితే కదా నేను తినేది."

"నువ్వే మొదలుపెట్టు," అన్నాడు మెల్లగా. "ఇకమీదట అన్నీ నువ్వే మొదలుపెట్టాలి."

వదిన కళ్లు తుడుచుకుని, మొదటి ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు తినసాగాడు. రెండో ముద్దకు ఆవిడ సాయం అక్కర్లేకపోయింది.