రెండు చుట్లకి ఆగిపోయే మర

మొన్న కొత్తవలస ఇంట్లో కిటికీ గూడు దులుపుతుంటే పాత బిస్కెట్ల డబ్బా చేతికి తగిలింది. మూత తియ్యగానే పెట్రోలూ బట్టల సబ్బూ కలిసిన వాసన గుప్పుమంది. నిజంగానే ఉందో, నా ముక్కే తెచ్చిపెట్టుకుందో తెలీదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని గచ్చు మీదే కూర్చున్నాను.

మా అయ్యకి శృంగవరపుకోట రోడ్డు మీద మెకానిక్ షెడ్డు ఉండేది. ఇనపరాయి మోసుకొచ్చే గూడ్సుబళ్ల ఎర్రదుమ్మూ, డిసెంబరొస్తే కళ్లాల్లోంచి లేచే ధాన్యపు నుసీ, మా పేటలో ఇంటింటా క్రిస్మస్ అరిసెలకి కాగే బెల్లప్పాకం వాసనా, అన్నీ కలిసి ఆ షెడ్డులోకి వచ్చి పెట్రోల్లో కలిసిపోయేవి. నా ఈడు పిల్లలు గచ్చకాయలాడుకుంటుంటే నేను పెట్రోలు పైపుల చివర బిగించే ఇత్తడి నిపిళ్లతో ఆడుకునేదాన్ని. అయ్య ఒకటి నా అరచేతిలో పెట్టి, "ఇదేటి, సెప్పు?" అనేవాడు. దాని చుట్టూ గీతల్లా తిరిగే మరల మీద గోరు గీసి చూసేదాన్ని. జపాన్ బళ్ల నిపిలు మర సన్నం, పాత అమెరికా జీపుది వెంట్రుకవాసి ముతక. కంటికి రెండూ ఒకటే, తోడబుట్టినవాటిలా ఉంటాయి. తేలకపోతే చాకులా మడిచిన పళ్ల రేకుల గేజి తీసి, మర మీద ఆనించి ఎండకి పట్టి చూపించేవాడు. "సందులో ఎలుగు కనపడిందంటే దానిది కాదమ్మీ. సగం మర ఏళ్లతోనే ఎక్కాల. పానా ఆకరి బిగింపుకే." మర కలవని చోట దారం చుట్టి, సబ్బు మెదిపి, పానాతో నొక్కేసేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మండేది.

మా చర్చికి ఎప్పుడో మిషన్ దొరలు వదిలి వెళ్లిన పాత జపాన్ వ్యానొకటి ఉండేది. పెళ్లికూతుళ్లూ, రోగులూ, శవపెట్టెలూ అన్నీ అందులోనే. దాన్ని నడిపేది మా అమ్మ తమ్ముడు, మా మావయ్య. ఆ క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే అత్తకి నొప్పులొచ్చాయి. విజయనగరం ఆసుపత్రికని వ్యానెక్కించి, అమ్మని తోడు తీసుకెళ్దామని మావయ్య షెడ్డు ముందు ఆపాడు. అయ్య ముక్కుకి పెట్రోలు వాసన తగిలింది. ముందు సీటెత్తి చూస్తే, వేడి ఇంజను మీదికి బొట్టుబొట్టుగా కారుతోంది. పాత నిపిలు పాడైతే మావయ్య తుక్కు జీపు నిపిలొకటి తెచ్చి, దారం చుట్టి సబ్బు పెట్టి బిగించేశాడు!

"కాలిపోతారురా," అన్నాడు అయ్య.

"నొప్పులు పడతన్నాది బావా, పోనీ! అక్కడికెల్లాక మార్సుకుందుం."

"దేవుడి మీద ఒట్టు, ఈ బండి కదల్దు."

ఊళ్లో అప్పుడు వేరే బండి లేదు. అయ్య ఆ జీపు నిపిలు విప్పి, తుక్కుపెట్టెలన్నీ బోర్లించి, ఒక్కొక్క నిపిలూ తిప్పి చూశాడు. అత్త లోపల మూలుగుతోంది. అమ్మ అయ్యని తిట్టని తిట్టు లేదు. వాకిట్లో ఎండ షెడ్డు లోపలికి వచ్చేశాక ఒక్కటి, వేళ్లతో మెత్తగా తిరిగి ఎక్కింది.

వ్యాను కాలలేదు. విజయనగరం పొలిమేర చేరకుండానే అత్తకి కాన్పయింది. మగపిల్లాడు. ఏడవలేదు.

సమాధి దగ్గర మావయ్య అందరి ముందూ అనేశాడు. "నీకు మర నెక్క గానీ మడిసి నెక్క కాదు బావా." ఆ తర్వాత మా గడప తొక్కలేదు. అత్త చేతి అరిసెలు మాకు మళ్లీ రాలేదు. వ్యాను తుక్కుకి పోయినప్పుడు అయ్య వెళ్లి, పెట్రోలు పైపు వచ్చి బిగిసే దాని కార్బురేటరు విప్పి తెచ్చుకున్నాడు. రోజూ సాయంత్రం చేతులు కడుక్కున్నాక ఆ రోజు విప్పి దాచిన జీపు నిపిలు దాని మూతిలో పెట్టి వేళ్లతో తిప్పేవాడు. రెండు చుట్లు, అంతే, మర కలవక ఆగిపోయేది.

"రోజూ ఏటి సూస్తావు?" అంది అమ్మ ఒకసారి.

"ఆగుతాదో నేదోనని," అన్నాడు.

పోయేదాకా అలా చూస్తూనే ఉన్నాడు.

షెడ్డున్న చోట ఇప్పుడు వెడల్పు చేసిన రోడ్డుంది. కొత్త కార్ల పెట్రోలు పైపులు టక్కుమని అతుక్కుంటాయి, మరల గొడవే లేదు. అయ్యా లేడు, అమ్మా లేదు, మావయ్యా లేడు. అత్త మాత్రం అదే పేటలో ఉంది. మూతపడున్న ఇల్లు తెరిచానని తెలిసి ఆ సాయంత్రం వచ్చింది. నా ఒళ్లోని డబ్బా చూసి, "అదేనా?" అంది.

డబ్బాలోంచి కార్బురేటరు, నిపిలు తీసి ఆమె చేతుల్లో పెట్టాను. ముసలి వేళ్లతో తిప్పింది. ఒక చుట్టు, రెండు చుట్లు. బలంకొద్దీ తిప్పింది. కదల్లేదు.

"ఆగిపోనాది," అంది. "నాకెవులూ సూపించనేదమ్మీ. బండిలో ఉన్నది నానే కదా."