మెట్ల మీది ముసలమ్మ

నా భర్త జయపాల్‌కి నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో చిన్న షాపు ఉండేది. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, డిసెంబరు వస్తే చర్చి క్యాలెండర్లు. నెట్‌లో బొమ్మ వెతికి, కత్తిరించి, రంగు పెంచి, మీద బైబిల్ వాక్యం వేసేవారు. ఫొటో ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. అడుగున మాత్రం షాపు పేరు, ఫోను నంబరు తప్పకుండా ఉండేవి. మరుసటి ఏటి ఆర్డర్లు వాటిని చూసే వచ్చేవి.

ఒక ఏడు మా చర్చి సంఘం క్యాలెండర్‌కి గుట్ట మీది రాతి చర్చి ఫొటో దొరికింది. పొద్దుటెండ, మెట్లు, మెట్ల మీద ఒక ముసలమ్మ. వాక్యం పడాల్సిన చోటే ఆమె కూర్చుంది. ఆయన ఆమెను తీసేసి అక్కడ మెట్లు అతికారు. కింద మూలన సన్నగా ఎవరిదో పేరుంటే చెరిపి, అక్కడే మా షాపు పేరు వేశారు. క్యాలెండర్లు అచ్చయి వచ్చాయి. కొత్త సంవత్సరం ఆరాధనలో పంచాలి.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఇద్దరు ఆడవాళ్ళు షాపుకొచ్చారు. నేను కార్డులు మడతపెడుతున్నాను. చిన్నామె నర్మద కాచిగూడలో టీచరు, సెలవుల్లో ఫొటోలు తీస్తుంది. మా సంఘానికే చెందిన తోటి టీచరు ముందే ఒకటి తీసుకెళ్ళి గోడకి తగిలిస్తే, అందులో తన ఫొటో చూసి, కింది నంబరు పట్టుకుని వచ్చింది. పెద్దామె ఆమె తల్లి సునంద. కుర్చీలో కూర్చుని క్యాలెండర్ మోకాళ్ళ మీద పరిచింది.

"కొడుకా, గీ మెట్ల మీద నేనుండాలె. నన్నేడ వడేసినవ్?"

నెట్‌లో దొరికిందని ఆయన చెప్పారు.

"రోడ్డు మీద నిలవెట్టిన బండి గూడ దొర్కుతది సార్. ఎత్కపోతరా?" అంది నర్మద.

"వాక్యం వేసినంక గది దేవునిదే అనుకున్న తల్లీ."

"దేవుడు చెప్పిండా నన్ను తీసెయ్యమని?" అంది పెద్దామె.

నర్మద గొంతు పెంచలేదు. ఎక్కడ కనిపించినా ఫొటో తీసినవాళ్ళదేనని, అడగకుండా వాడి, మనిషిని తీసేసి, పైగా పేరు చెరిపి తన పేరు వేసుకున్నారని చెప్పింది. ఆమె వద్దంటే కట్టలన్నీ చిత్తుకాగితాలే. సంఘానికి ఏం చెప్పాలో తెలియదు. ఏం చేయమంటారో చెప్పమన్నారు ఆయన. నర్మద తల్లి వైపు చూసింది.

"నన్ను మల్ల కూసోవెట్టు. బిడ్డ పేరు వెయ్యి. పంచుకో," అంది పెద్దామె.

అసలు ఫొటో నర్మదే ఇచ్చింది. దాన్ని విడిగా అచ్చు వేయించి, పాత బొమ్మల మీద ఒక్కొక్కటే అంటించాం. పండగంతా ఇంట్లో గమ్ము వాసన. వాక్యం ఆకాశంలోకి జరిగింది. మా కూతురు ఏంజెలీనా అంటించిన వాటిలో ముసలమ్మ కొంచెం ఒరిగి ఉండేది.

ఆ తర్వాత ఆయన ఫొటో తీసినవాళ్ళకి మెసేజ్ పెట్టి, జవాబొచ్చాకే పని మొదలుపెట్టేవారు. రాకపోతే మొజంజాహీ మార్కెట్ దగ్గరికి వెళ్ళి పూలనో పండ్లనో తనే ఫొటో తీసుకునేవారు. అవి అంత బాగుండేవి కావు. జయపాల్ సాబ్ పువ్వును గూడ అడిగి తెంపుతడని పక్క షాపు శ్రీపతి ఎగతాళి చేసేవాడు.

పోయిన వానాకాలం ఆయన చనిపోయారు. జ్ఞాపకార్థ కూడిక కార్డుకి వేయదగ్గ ఫొటో ఇంట్లో లేదు. ఏంజెలీనా నెట్‌లో ఒకటి చూసింది. అబిడ్స్ ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్. ఆయన గొంతుక్కూర్చుని పాత పత్రిక తిరగేస్తూ నవ్వుతున్నారు. పక్కన ముల్లంగి సంచితో ఎవరో. తీసినతనికి ఏంజెలీనా రాసింది. వాడుకోండి, నా పేరు వేయండి అని జవాబొచ్చింది. పక్కాయన్ని తీసేయడం నిమిషం పని అన్నాడు కార్డు చేసినతను. ఉండనివ్వమన్నాను.

కూడికకి వచ్చినవాళ్ళు ఆ సంచీ ఆయన ఎవరని అడిగారు. మాకు తెలియదని చెప్పాం.